వైజాగ్‌లో ఇంటికి లోపల రంగులేయించాలంటే, పెయింటర్‌ని మాట్లాడుకునే ముందు

సంక్రాంతి దగ్గరపడ్డాక వెతికితే మంచి పెయింటర్ దొరకడండీ, అప్పటికే అందరూ బుక్కైపోతారు. పోనీ అక్టోబర్, నవంబర్‌లో పెట్టుకుందామంటే మనకి తుఫాన్ల టైము, గోడలు ఆరవు. అందుకే నేనైతే ఫిబ్రవరి, మార్చిలోనే పెట్టుకోమంటాను.

రేటు ఫోన్‌లో తేల్చుకోవద్దు, ఇంటికి పిలిచి కొలిపించండి. కొందరు ఫ్లోర్ ఏరియా లెక్క చెప్తారు, కొందరు గోడల లెక్క, రెండిటికీ చాలా తేడా, పదికి పది రూమ్ అంటే నేల 100 చదరపు అడుగులే గానీ పదడుగుల ఎత్తు గోడలు నాలుగూ కలిపితే 400, సీలింగ్ ఇంకో 100, తలుపులూ కిటికీలూ లెక్కలోంచి తీసేస్తారా లేదా అన్నది కూడా ముందే అడగాలి.

బీచ్ వైపు ఇళ్లకైతే అసలు గొడవ చెమ్మే. గోడ పొక్కులొచ్చి పొడి రాలుతుంటే లీకేజీ ఎక్కడో పట్టుకోకుండా పైన పుట్టీ (గోడ నున్నగా చేసే పూత) పూసేసేవాడు మనకొద్దు, ఒక్క వానాకాలానికే మళ్లీ మొదటికొస్తుంది (మా హాల్లో అయింది అదే).

పుట్టీ ఎన్ని కోటింగులు, ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) ఉందా, ఎమల్షన్ (పైన వేసే అసలు రంగు) రెండు కోటింగులేనా, ఏ కంపెనీ, సామాను ఎవరిది, అన్నీ కాగితం మీద రాయించండి. డబ్బాలు మీ కళ్లముందే సీల్ తీయాలి. డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి, టచప్‌లు అయ్యేదాకా కొంత ఉంచుకోండి.