జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్: పాలమూరు నుంచి బండి మీద పోయేవాళ్లకు

ఏప్రిల్ నెల మధ్యాహ్నం జడ్చర్ల నుంచి కల్వకుర్తి దాకా బండి నడిపినవాళ్లకు ఎండ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. థార్ ఎడారిలో మనల్ని ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి: రోడ్డు మీదికి కొట్టుకొచ్చే ఇసుక, పొద్దుటి చలి, ఎంత పోయినా మలుపు రాని రోడ్డు. జోధ్‌పూర్ నుంచి పోఖ్రాన్ మీదుగా జైసల్మేర్ సుమారు 280 కిలోమీటర్లు. చలికాలంలో పోవాలనుకుంటే ఒక రోజుకు సరిగ్గా సరిపోతుంది.

మన అలవాటు కొద్దీ ఐదింటికి బయల్దేరకండి. జైసల్మేర్ మనకంటే ఏడు డిగ్రీలు పడమటికి, పైగా బాగా ఉత్తరాన ఉంటుంది కాబట్టి డిసెంబరులో ఏడు దాటితే గానీ సూర్యుడు రాడు. చీకట్లో రోడ్డు మీద పడుకున్న ఆవులు, ఒంటెలు దగ్గరికి పోయేదాకా కనపడవు. ఏడున్నరకు స్టార్ట్ చేయండి, సాయంత్రం నాలుగుకల్లా దర్జాగా చేరతారు. పొద్దున వేళ్లు కొంకర్లు పోయేంత చలి, పదకొండుకు చెమట, అందుకే ఒక్క మందపాటి జాకెట్ కన్నా విప్పుకోవడానికి వీలుగా రెండు మూడు పొరలు వేసుకోవడం మేలు.

ఇక ఇసుక. తారు రోడ్డు మీద లేత రంగు చారలాగా దూరం నుంచే కనపడుతుంది. బ్రేకు పని మొత్తం దానికి ముందే అయిపోవాలి, ఇసుకలోకి దిగాక ముందు చక్రం బ్రేకు ముట్టుకోవద్దు, బండి వంచొద్దు, చూపు దూరంగా పెట్టి యాక్సిలరేటర్ ఒకే తీరుగా పట్టుకుని పోనివ్వాలి. హ్యాండిల్ కొంచెం అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వండి, గట్టిగా బిగబట్టారో పడతారు. నేనైతే ముందే మన దుందుభి వాగు ఎండిపోయినప్పుడు పోయి నేర్చుకున్నా, మూడు సార్లు పడ్డా, ఒక క్లచ్ లీవర్ విరిగింది. అక్కడ విరిగేదాని కన్నా ఇక్కడ విరగడమే నయం. సైడ్ స్టాండ్ కింద పెట్టడానికి అరచేతంత చెక్క ముక్క తప్పకుండా వెంట ఉంచుకోండి.

నీడ కోసం ఆగితే మీకు కనపడేది ఎక్కువగా జమ్మిచెట్టే. మన రాష్ట్ర చెట్టు, రాజస్థాన్ వాళ్లదీ అదే, ఖేజ్రీ అంటారు. మీరు నీడకు పోండి, బండిని మాత్రం రోడ్డు అంచునే ఆపండి, రాలిన ముళ్లు టైర్లో దిగుతాయి. ట్యూబ్ టైర్లయితే రెండు ట్యూబులు, టైరు విప్పే లీవర్లు, పంపు ఉండాల్సిందే.

చైనుకు గ్రీజు దట్టంగా పూయకండి, ఇసుక అంటుకుని చైనును అరగదీస్తుంది. రాత్రి తుడిచి కొద్దిగా నూనె రాస్తే చాలు. పెట్రోలు సగానికి రాగానే కనపడిన బంకులో నింపుకోవడమే, రేటు చూడొద్దు.

నీళ్లు దాహం అయ్యేదాకా ఆగకుండా ప్రతి నలభై కిలోమీటర్లకు రెండు గుక్కలు తాగండి. భోజనం పోఖ్రాన్‌లో. సజ్జరొట్టె, ఛాఛ్, అంటే మన సల్లే. కడుపు నిండా తిన్నాక ఆ తిన్నని రోడ్డు మీద నిద్ర ముంచుకొస్తుంది, నాకు లాఠీ అనే ఊరి దగ్గర రెప్ప పడింది, బండి మట్టిలోకి దిగాక గానీ తెలియలేదు. కాబట్టి అరగంట పడుకుని లేవండి.

సమ్ ఇసుక దిబ్బలు జైసల్మేర్ దాటి ఇంకో నలభై కిలోమీటర్లు. మరుసటి రోజు పోండి, సామానుతో బండిని దిబ్బ ఎక్కించకండి, తోసేవాళ్లు దొరకరు.