ఇన్సులిన్ పంప్ సెట్ మార్చే ముందు జాగ్రత్తలు

పంపు నుంచి ఒంట్లోకి ఇన్సులిన్ చేర్చే ట్యూబు, సూదిని కలిపి సెట్ అంటారు. పంపులో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే, అది ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. అందుకే ట్యూబులో అడ్డు పడితే కొన్ని గంటల్లోనే కీటోన్లు (ఇన్సులిన్ అందనప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) పెరగడం మొదలవుతుంది. కాబట్టి సెట్ ముట్టుకునే ముందే ఇవి చూసుకోండి.

– వీలైనంతవరకు పగలే మార్చండి, పడుకోబోయే ముందు వద్దు. మార్చిన గంట రెండు గంటలకు షుగర్ తప్పకుండా చూడాలి.

– ఫ్రిజ్‌లోంచి తీసిన ఇన్సులిన్ చల్లదనం పోయాకే నింపండి. చల్లగా నింపితే తర్వాత బుడగలు వస్తాయి.

– చర్మం గడ్డకట్టినట్టున్న చోట, బెల్టు ఒరుసుకునే చోట సూది పెట్టకండి.

– ట్యూబు నింపేటప్పుడు అది ఒంటికి తగిలించి ఉండకూడదు. చివర చుక్కలు రావడం కళ్లారా చూశాకే తగిలించండి.

– ట్యూబులో అడ్డు పడితే పంపులో మోగే అలారం మోగలేదని ధీమాగా ఉండకండి. లోపల ఒత్తిడి బాగా పెరిగితేనే అది మోగుతుంది. రాత్రిపూట డోసు తక్కువగా వెళ్తుంటే అందుకు గంటలు పట్టొచ్చు. పసిపిల్లలకు ఇంకా ఆలస్యం. ఇన్సులిన్ బయటికి కారిపోతుంటే అసలు మోగకపోవచ్చు. ప్లాస్టర్ తడిగా ఉందా, మందు వాసన వస్తోందా చూడండి.

– అలారం మోగితే ముందు ట్యూబును ఒంటి నుంచి విడదీయండి, తర్వాతే సరిచేయండి. లేకపోతే లోపల ఆగిన మందంతా ఒక్కసారిగా ఎక్కి షుగర్ పడిపోవచ్చు.

– ఇన్సులిన్ పెన్ను, కీటోన్లు చూసే స్ట్రిప్పులు, ఇంకో సెట్ దగ్గరుంచుకోండి. కారణం లేకుండా షుగర్ 250 దాటితే కీటోన్లు చూసి, డాక్టర్ చెప్పిన డోసు పెన్నుతోనే వేసుకుని, సెట్ మార్చేయండి. వాంతులు మొదలైతే ఇంట్లో ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.