‘నీళ్లు పడ్డాయి’ని యూఎన్‌ఎల్‌లో రాయడం ఎలా

పోయిన ఎండాకాలం మునుగోడు దగ్గర మా చేన్లో బోరు వేయించాం. 450 అడుగుల దగ్గర తడి తగలగానే నాన్న ఫోన్ చేసి “నీళ్లు పడ్డయి బిడ్డా” అన్నాడు. ఆ వారమే నల్లగొండలో మా డిగ్రీ పిల్లలకు యూఎన్‌ఎల్ మొదలుపెట్టాను కాబట్టి ఆ మాటే బోర్డు మీద రాశాను. రాసి, అందరి ముందూ తప్పు చేశాను.

యూఎన్‌ఎల్ అంటే యూనివర్సల్ నెట్‌వర్కింగ్ లాంగ్వేజ్. 1996లో టోక్యోలోని ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయంలో మొదలైంది. వాక్యం అర్థాన్ని ఒకసారి ఇందులో రాసి పెడితే, అక్కడి నుంచి యంత్రం ఏ భాషలోకైనా దించుకోవాలి. అదీ ఆలోచన.

ముందు క్రియ పట్టుకోండి. నేను ‘పడ్డాయి’ కదా అని ‘ఫాల్’ రాశాను. వెనక బెంచీ పిల్లవాడు “మేడం, నీళ్లు పైకొస్తయి గదా?” అన్నాడు. నిజమే. నేను రాసింది హిందీలోకి దింపితే ఎవరో బోరులో బిందెడు నీళ్లు ఒంపినట్టుంటుంది. తుడిచేసి ‘అపియర్’ పెట్టాను.

తర్వాత మాటలకు బ్రాకెట్లో రకం చెప్పాలి. ‘ఐసీఎల్>’ అంటే ‘ఫలానా రకానిది’. ‘బోర్’ అని ఊరికే వదిలేస్తే నా క్లాసు బోరు కొట్టడమూ అదే అవుతుంది. ఊరి పేరుకైతే ‘ఐఓఎఫ్>’ రాయాలి, ఎందుకంటే మునుగోడు ఒక రకం ఊరు కాదు, ఒక ఊరు. మూలమాటలు దాదాపు అన్నీ ఇంగ్లీషువే. నాకది నచ్చదు, కానీ రూలు అది.

ఇక మాటల మధ్య సంబంధాలు. నలభైకి పైగా ఉన్నాయి, భయపడకండి, రోజూ పనికొచ్చేవి పదే. తెలుగులో ‘నీళ్లు’ కర్తలా కనిపిస్తుంది కాబట్టి ‘ఏజీటీ’ రాయాలనిపిస్తుంది. రాయకండి. పనిని తలపెట్టేవాళ్లకే ఏజీటీ. నీళ్లు ఏమీ తలపెట్టలేదు, జరిగింది వాటికి, కాబట్టి ‘ఓబీజే’. చోటుకు ‘పీఎల్‌సీ’, కాలానికి ‘టిమ్’. ‘బోరులో నీళ్లు పడ్డాయి’ మొత్తం ఇలా వస్తుంది (అకర్ అంటే జరగడం):

ఓబీజే(అపియర్(ఐసీఎల్>అకర్).@ఎంట్రీ.@పాస్ట్, వాటర్(ఐసీఎల్>లిక్విడ్))
పీఎల్‌సీ(అపియర్(ఐసీఎల్>అకర్).@ఎంట్రీ.@పాస్ట్, బోర్‌వెల్(ఐసీఎల్>వెల్))

@ఎంట్రీ అంటే వాక్యానికి ముఖ్యమైన మాట ఇదేనని. @పాస్ట్ సంగతి మీకే తెలుసు.

ఇంత వచ్చాక పిల్లలకు హోంవర్క్ ఇచ్చాను: ‘పాత బోరు ఎండింది, కొత్త బోరులో నీళ్లు పడ్డాయి.’ ఒకే వాక్యంలో ఒకే మాట రెండు వేర్వేరు వస్తువులకు వస్తే వెనక :01, :02 అని నంబర్లు తగిలించాలి. లేకపోతే యంత్రం రెండింటినీ ఒకటిగా కలిపేస్తుంది. సగం మంది మర్చిపోయారు. వాళ్ల కాగితాల్లో పాతదీ, కొత్తదీ, ఎండిందీ, నీళ్లు పడిందీ ఒకటే బోరు.

నాన్నకు చెప్తే నవ్వలేదు. “గట్ల గూడ అయితది బిడ్డా, రెండేండ్లు ఆగు” అన్నాడు.