మొదటి ఎయిర్ రైఫిల్: తక్కువ ధరలో ఏది కొనాలి, ఎలా కాల్చాలి

డిగ్రీ చదువుతున్న మా అక్క కొడుకు ఎయిర్ రైఫిల్ కొందామని హనుమకొండలో మా ఇంటికి వచ్చాడు. మొదటి మాటే "మామా, బాగా పవరున్నది చూద్దాం" అన్నాడు. కొత్తవాళ్లందరూ అడిగేది ఇదే. నేను మాత్రం పవర్ తక్కువున్నదే కొనమంటాను.

ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ పోటీ జరిగేది 10 మీటర్ల దూరంలో. ఆ దూరానికి ఏడెనిమిది జౌల్స్ శక్తి సరిపోతుంది. తక్కువ ధర గన్‌లో బ్యారెల్‌ను, అంటే గొట్టాన్ని, వంచితే లోపలి స్ప్రింగ్ బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ఆ స్ప్రింగ్ పిస్టన్‌ను నెట్టి, గాలి ఒత్తిడితో పెల్లెట్‌ను, అంటే చిన్న సీసపు గుండును, బయటికి తోస్తుంది. స్ప్రింగ్ ఎంత గట్టిదైతే బ్యారెల్ వంచడం అంత కష్టం, కుదుపూ అంత ఎక్కువ. పది పెల్లెట్లు కాల్చేసరికి చేతులు లాగేస్తే ఇక గురి ఏం కుదురుతుంది? చట్టం సంగతి కూడా చూసుకోవాలి. బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉంటేనే 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. 0.22 బోరు తీసుకోమని ఎవరు చెప్పినా వినకండి.

మా వైపు ఊళ్లలో కోతుల కోసమని ఎయిర్ గన్ కొనేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పెల్లెట్ తగిలిన కోతి వెంటనే చావదు, గాయం కుళ్లి రోజుల తరబడి నరకం చూస్తుంది. పైగా అది నేరం.

షాపులో బ్యారెల్ వంచి మూసి చూడండి. మూశాక పక్కలకు కదిలితే వద్దనండి. గన్ మీద మామూలు సైట్లు, అంటే గురి చూసే ముందు పుల్ల, వెనక గాడి ఉండాలి. స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి, జోలికి ఇప్పుడే పోవద్దు. స్ప్రింగ్ గన్ ముందుకీ వెనక్కీ రెండు వైపులా కుదుపుతుంది, చవక స్కోపులు దానికి ఆగవు. ఆ డబ్బుతో చదును తల ఉన్న పెల్లెట్లు రెండు మూడు రకాలు తెచ్చుకోండి. కాగితానికి అవి గుండ్రంగా, శుభ్రంగా చిల్లు పెడతాయి. ఏ గన్‌కు ఏ రకం పడుతుందో కాల్చి చూస్తేనే తెలుస్తుంది.

టార్గెట్ వెనక ఇసుక బస్తా పెట్టండి. మన దగ్గర ఎక్కడ చూసినా గ్రానైటే. రాయికో సిమెంటు గోడకో తగిలిన పెల్లెట్ తిరిగి మీ మీదికే రావచ్చు. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్‌ను గట్టిగా పట్టుకునే ఉండండి, అది ఒక్కసారి విడిపోయి మూసుకుంటే వేళ్లు నలిగిపోతాయి. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కకూడదు. గాలి దిండులా అడ్డుపడక పిస్టన్ నేరుగా గుద్దుకుంటుంది, సీల్ పాడవుతుంది.

ఇక పట్టు. ట్రిగ్గర్ నొక్కాక పెల్లెట్ బ్యారెల్ దాటకముందే గన్ కదలడం మొదలవుతుంది. బిగించి పట్టుకుంటే ప్రతిసారీ ఒక్కోలా కదులుతుంది, పెల్లెట్లు చెదిరిపోతాయి. అందుకే కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. ఎడమ అరచేయి తెరిచి, గన్‌ను దాని మీద ఊరికే ఆననివ్వండి. అరచేయి ప్రతిసారీ గన్ కర్ర భాగం మీద అదే చోట ఉండాలి, అక్కడ పెన్సిల్‌తో గీత గీసుకుంటే మంచిది. భుజానికి గట్టిగా అదమొద్దు.

చూపు ముందు సైట్ మీద నిలపండి. అది స్పష్టంగా, టార్గెట్ మధ్యలోని నల్లటి చుక్క కాస్త మసగ్గా కనిపించాలి. వెనక సైట్ గాడిలో ముందు పుల్లకు రెండు పక్కలా వెలుతురు సమానంగా ఉందా చూసుకోండి. నల్ల చుక్కను పుల్ల కొస మీద నిలబెట్టండి. సగం ఊపిరి వదిలి ఆపి, ట్రిగ్గర్‌ను మెల్లగా వెనక్కి ఒత్తండి. ఏడెనిమిది సెకన్లలో కుదరకపోతే దించేసి ఊపిరి తీసుకోండి. పేలిన తర్వాత కూడా ఒక క్షణం సైట్లనే చూస్తూ ఉండండి.

ఐదు పెల్లెట్లు ఒకచోట గుంపుగా పడేదాకా సైట్ ముట్టుకోవద్దు. గుంపు ఎడమకు పడుతుంటే వెనక సైట్‌ను కుడికి, కిందికి పడుతుంటే పైకి జరపండి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి ముగించాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినండి.