పాత ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ సొంత రిపేరు – 4వ పాఠం: ప్రొపెల్లర్ షాఫ్ట్

కిందటి పాఠంలో ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) ఆయిల్ మార్చి, సీళ్లు చూశాం. అక్కడి నుంచి ముందు యాక్సిల్‌కి ఒకటి, వెనక యాక్సిల్‌కి ఒకటి ఆ శక్తిని మోస్తూ తిరిగే రెండు గొట్టాలు, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లు, వెళ్తాయి. షాఫ్ట్ దెబ్బతిన్నదని ఎలా తెలుసుకోవాలి, ఎలా దించాలి, క్రాస్ (షాఫ్ట్ చివర వంగుతూ తిరగనిచ్చే జాయింట్‌లోని నాలుగు కొమ్ముల ముక్క) మార్చి మళ్లీ ఎలా ఎక్కించాలి అన్నది ఈసారి పాఠం. కోణాలు కొలవడం, వణుకు సరిచేయడం 5వ పాఠంలో చూద్దాం.

ఒక మాట ముందే చెప్పాలి. క్రాస్ పోయిందనగానే కొత్తది తెచ్చి వేసేసి చాలామంది పని అయిపోయిందనుకుంటారు. కొన్నాళ్లకే అదే చోట మళ్లీ శబ్దం మొదలవుతుంది. క్రాస్ ఊరికే పోదు. గ్రీజు అందకపోయి ఉండాలి, నీళ్లు చేరి ఉండాలి, లేదంటే షాఫ్ట్ వంగడమో యోక్ (క్రాస్‌ని రెండు చెవుల మధ్య పట్టుకునే భాగం) అరగడమో జరిగి ఉండాలి. విప్పిన పాత క్రాస్ మీద ఆ కారణం కనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఈ పాఠం మొత్తంలో నేర్చుకోవాల్సింది అది. కప్పులు (క్రాస్ కొమ్ములకు తొడిగే, లోపల సన్నని సూది రోలర్లున్న టోపీలు) దించడం, ఎక్కించడం చేతికి త్వరగానే అలవాటవుతుంది.

తప్పు షాఫ్ట్‌దేనా?

షాఫ్ట్ చక్రంతో సమానంగా తిరగదు, చాలా వేగంగా తిరుగుతుంది. డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) నిష్పత్తి 4.1 అనుకోండి. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్ట్ 4.1 చుట్లు తిరుగుతుంది. మామూలు పికప్ టైరు గంటకు 80 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి దాదాపు 600 చుట్లు తిరిగితే, షాఫ్ట్ 2,500 దగ్గర తిరుగుతుంది. అందుకే టైరు తేడా అయితే స్టీరింగ్ దగ్గర నెమ్మదిగా ఊపినట్టు ఉంటుంది, షాఫ్ట్ తేడా అయితే సీటు కిందా నేల మీదా సన్నగా, గట్టిగా జలదరింపు వస్తుంది. అదే వేగంలో గేరు న్యూట్రల్ చేసి ఇంజన్ ఐడిల్‌లోకి రానివ్వండి. వణుకు అలాగే ఉంటే ఇంజన్‌ని అనుమానించక్కర్లేదు.

శబ్దాలకూ అర్థాలున్నాయి. ముందుకు నుంచి రివర్స్‌కి మార్చినప్పుడు "టక్" మంటే ఎక్కడో ఆట (వదులు) ఉంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు వేగానికి తగ్గట్టు "కీచు, కీచు" మంటుంటే క్రాస్ లోపల గ్రీజు ఎండిపోయింది. ఈ కీచు శబ్దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. విరిగే ముందు క్రాస్ ఇచ్చే మొదటి హెచ్చరిక చాలాసార్లు అదే.

ముందు షాఫ్టా, వెనకదా అన్నది తేల్చడానికి ఫ్రీవీలింగ్ హబ్‌లు (ముందు చక్రాలను యాక్సిల్‌తో కలిపే, విడదీసే తాళాలు) బాగా పనికొస్తాయి. హబ్‌లు విడిచిపెట్టి టూవీల్‌లో నడిపితే ముందు షాఫ్ట్ దాదాపు కదలదు. అప్పుడూ వణుకు ఉంటే వెనక షాఫ్ట్ చూడండి. హబ్‌లు లాక్ చేసి, టూవీల్‌లోనే మళ్లీ నడపండి. ఇప్పుడు ముందు షాఫ్ట్ బరువు లేకుండా ఊరికే తిరుగుతుంది. కొత్తగా వణుకు మొదలైతే దోషం ముందుదే. ఫోర్‌వీల్ వేసి చూడాలంటే మట్టి మీదో కంకర మీదో చూడండి. సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక షాఫ్ట్‌లను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) లేని బండిని పొడి తారు రోడ్డు మీద ఫోర్‌వీల్‌లో తిప్పితే ముందు, వెనక యాక్సిళ్ల మధ్య బిగుసుకుపోయి, ఉన్న జబ్బుకి తోడు కొత్తది చేరుతుంది.

ఇక బండి కిందికి వెళ్లండి. చదునైన గట్టి నేల, నాలుగు చక్రాలకూ రెండు వైపులా దిమ్మలు, గేరు న్యూట్రల్. బండి లేపాల్సి వస్తే స్టాండ్ల మీద నిలబెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద పడుకోకూడదు, ఎంత చిన్న పనికైనా సరే.

ఒక చేతి వేళ్లు జాయింట్‌కి అడ్డంగా, సగం యోక్ మీద, సగం దాని అవతలి యోక్ మీద ఆనేట్టు పెట్టండి. రెండో చేత్తో షాఫ్ట్‌ని అటూ ఇటూ తిప్పండి, పైకీ కిందికీ నెట్టండి. రెండు యోక్‌లూ కలిసే కదిలితే అది డిఫరెన్షియల్ పళ్ల మధ్య ఉండే సహజమైన ఆట, కొంచెం ఉంటుంది. ఒకటి కదిలి రెండోది ఆగితే క్రాస్ పోయినట్టే. కప్పుల సీళ్ల చుట్టూ ఎర్రటి పొడి కనిపించినా అంతే. లోపల నీళ్లు చేరి, తుప్పుపట్టి, ఆ తుప్పే పొడిగా రాలుతోంది.

దించే ముందు

వెనక షాఫ్ట్ విప్పాక బండి గేర్లో ఉన్నా, ఆటోమేటిక్ బండి "పార్క్"లో ఉన్నా, వెనక చక్రాలను పట్టి ఉంచేది హ్యాండ్‌బ్రేక్ తప్ప ఏదీ ఉండదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కొన్ని పాత బండ్లలో హ్యాండ్‌బ్రేక్ చక్రాల దగ్గర కాకుండా ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ఉన్న డ్రమ్ము మీద పనిచేస్తుంది. అలాంటి బండిలో షాఫ్ట్ తీసిన క్షణం హ్యాండ్‌బ్రేక్ కూడా పోయినట్టే. మీ బండిలో అది ఎక్కడుందో ముందే చూసుకోండి. దిమ్మలు ఎందుకు తప్పనిసరో అప్పుడు మీకే తెలుస్తుంది.

తర్వాత గుర్తులు పెట్టాలి. షాఫ్ట్ ఫ్లాంజ్ (బోల్టులు బిగించే పళ్లెం లాంటి చివర), అది కలిసే అవతలి ఫ్లాంజ్, రెండింటి మీదా ఒకే గీతగా పెయింట్ పెట్టండి. మధ్యలో స్లిప్ జాయింట్ (షాఫ్ట్ పొడవు మారేలా పళ్ల మీద ఒకదానిలో ఒకటి జారే భాగం) ఉంటే దాని రెండు భాగాల మీదా అలాగే పెట్టండి. ఈ రెండో గుర్తును చాలామంది మర్చిపోతారు. దాని విలువ ఏమిటో చెబుతాను.

క్రాస్ జాయింట్ వంగి తిరుగుతున్నప్పుడు, లోపలికి వచ్చే వేగం సమంగా ఉన్నా బయటికి వెళ్లే వేగం సమంగా ఉండదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు ముందుకు పరిగెత్తి, రెండుసార్లు వెనకబడుతుంది. 10 డిగ్రీల వంపులో ఈ హెచ్చుతగ్గు రెండు వైపులా సుమారు 1.5 శాతం, 20 డిగ్రీల్లో 6 శాతం దాటుతుంది. షాఫ్ట్ అవతలి చివర ఉన్న రెండో క్రాస్ సరిగ్గా దీనికి విరుగుడుగా తిరిగి, తేడాను రద్దు చేస్తుంది. అలా రద్దు కావాలంటే రెండు చివరల కోణాలు సమానంగా ఉండాలి, షాఫ్ట్ రెండు చివరల యోక్ చెవులు ఒకే వరసలో ఉండాలి. స్లిప్ జాయింట్‌ని విడదీసి, ఒక్క పన్ను జరిపి తిరిగి కూర్చోబెడితే ఆ వరస తప్పిపోతుంది. కొత్త క్రాస్ వేశాక బండి మునుపటికన్నా ఎక్కువ వణికిందని వాపోయేవారు మొదట ఇక్కడ చూడాలి.

బోల్టులకు ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. షాఫ్ట్ బరువు బోల్టుల మీద పడకుండా ఒక చివరను తాడుతో ఫ్రేముకి కట్టండి. చివరి బోల్టు వచ్చాక షాఫ్ట్‌ని ఒక్క జాయింట్ మీద వేలాడనివ్వొద్దు, బాగున్న క్రాస్ కూడా పాడవుతుంది. వెనక షాఫ్ట్ ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి నేరుగా దూరే రకమైతే, లాగగానే ఆయిల్ కారుతుంది. పళ్లెం దగ్గర పెట్టుకోండి.

పాత క్రాస్ తీయడం

షాఫ్ట్‌ని వైస్‌లో బిగించేటప్పుడు గొట్టాన్ని పట్టించొద్దు. యోక్‌ని పట్టించండి. గొట్టం గోడ పలచన, ఒక్క నొక్కు పడితే షాఫ్ట్ బలం, బ్యాలెన్సు రెండూ దెబ్బతింటాయి. గొట్టానికి అక్కడక్కడా అతికించి ఉన్న చిన్న రేకు ముక్కలు బ్యాలెన్సు బరువులు. తుప్పు గీకే ఉత్సాహంలో వాటిని ఊడగొట్టొద్దు.

కప్పులు బయటికి రాకుండా ఆపే రింగులు, సర్‌క్లిప్‌లు, నాలుగూ తీయండి. తుప్పుతో బిగుసుకుంటే కప్పు మీద మెత్తగా ఒక దెబ్బ వేయండి, క్లిప్ మీద ఒత్తిడి తగ్గి వదులవుతుంది. తర్వాత రెండు సాకెట్లు తీసుకోండి. కప్పు కన్నా చిన్నది ఒకవైపు, కప్పు మొత్తం దూరేంత పెద్దది అవతలివైపు. వాటి మధ్య యోక్‌ని పెట్టి వైస్‌ని మెల్లగా బిగిస్తే చిన్న సాకెట్ నెట్టగా అవతలి కప్పు పెద్ద సాకెట్‌లోకి దిగుతుంది. సుత్తితో యోక్ చెవుల మీద బాది తీసేవాళ్లూ ఉన్నారు. నేను దాన్ని సమర్థించను. చెవి కొంచెం వంగినా కొత్త కప్పు ఎప్పటికీ నిటారుగా కూర్చోదు. కొన్ని బండ్లలో క్లిప్‌లకు బదులు కంపెనీవాళ్లు లోపలికి ప్లాస్టిక్ ఎక్కించి ఉంటారు. వాటికి యోక్‌ని వేడి చేస్తే ప్లాస్టిక్ కరిగి బయటికి వస్తుంది, అప్పుడు కప్పు కదులుతుంది.

పాత క్రాస్‌ని చూడండి

ఇక్కడ తొందరపడొద్దు. క్రాస్ నాలుగు కొమ్ములనూ గుడ్డతో శుభ్రంగా తుడిచి వెలుతురులో పెట్టండి.

కొమ్ము మీద సమాన దూరాల్లో సన్నని గాళ్లు, దువ్వెన పళ్లు అద్దినట్టు కనిపిస్తే, సూది రోలర్లు ఒకే చోట ఆగి కొట్టుకున్నాయన్నమాట. షాఫ్ట్‌లో వంపు మరీ తక్కువైతే రోలర్లు దొర్లవు, కదలకుండా అక్కడే గుంటలు చేస్తాయి. అందుకే జాయింట్‌కి ఎప్పుడూ కనీసం అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా వంపు ఉండాలంటారు. పెద్ద లోడుతో ఒక్కసారిగా క్లచ్ వదిలే అలవాటు వల్ల కూడా ఇవే గుంటలు పడతాయి.

నాలుగింటిలో ఒక్క కొమ్మే ఎర్రగా ఎండిపోయి, మిగిలిన మూడూ గ్రీజుతో మెరుస్తుంటే, ఆ దారి మూసుకుపోయి గ్రీజు గన్ కొట్టినప్పుడల్లా మూడింటికే అందింది. ఎదురెదురు కొమ్ములు రెండూ ఒకే వైపు అరిగి ఉంటే యోక్ వంగిందేమో చూడాలి. కొమ్ములు నీలంగా మారితే విపరీతంగా వేడెక్కాయి. వంపు ఎక్కువైందా, అసలు గ్రీజే లేదా అన్నది తేల్చుకోవాలి. సస్పెన్షన్ ఎత్తు పెంచిన బండ్లలో మొదటి అనుమానం వంపు మీదే.

యోక్ రంధ్రాల్లోకి వేలు పెట్టి తడమండి. కొత్త కప్పు చేతి ఒత్తిడికే జారిపోతుంటే కప్పు లోపల తిరిగి రంధ్రాన్ని అరగదీసింది. ఆ యోక్ పనికిరాదు. ఎన్ని కొత్త క్రాస్‌లు వేసినా నిలవవు.

గొట్టం వంగిందో లేదో డయల్ గేజ్‌తో (సన్నని తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) చూడాలి. అనుమతించే వంకర బండిని బట్టి మారుతుంది, మీ బండి మాన్యువల్లో ఎంత ఉందో అంతే నమ్మండి. మాన్యువళ్లలో సాధారణంగా ఇది ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది. గొట్టం నొక్కుకుపోయినా, పగిలినా, వంగినా ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు. నిమిషానికి వేలసార్లు తిరిగే వస్తువు అది. గొట్టం మార్చి బ్యాలెన్స్ చేసే మెషీన్ ఉన్న వర్క్‌షాప్‌కే ఇవ్వాలి.

కొత్తది ఎక్కించడం

కొత్త క్రాస్ కప్పులు తీసి లోపల సూదులు గోడకి అంటుకునేలా గ్రీజు రాయండి. గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉన్న వైపు, బండి కింద గ్రీజు గన్ అందే దిశలో ఉండాలి. క్రాస్‌ని యోక్‌లో పెట్టి, ఒక కప్పును సగం దాకా నొక్కి, కొమ్మును దానిలోకి ఎత్తి పట్టుకునే అవతలి కప్పును ఎక్కించండి. అలా ఎత్తి పట్టడం వల్ల సూదులు పడిపోకుండా ఉంటాయి.

కప్పు పూర్తిగా దిగకుండా, క్లిప్ గాడి సగమే కనిపిస్తూ ఆగిపోతే, ఇంకాస్త గట్టిగా నొక్కొద్దు. నూటికి తొంభైసార్లు ఒక సూది ఊడి కప్పు అడుగున అడ్డంగా పడి ఉంటుంది. తీసి, సరిచేసి, మళ్లీ వేయండి. క్లిప్‌లు నాలుగూ గాడిలో పూర్తిగా కూర్చోవాలి. కొన్ని జపాన్ పికప్‌లకు వేర్వేరు మందాల్లో క్లిప్‌లు దొరుకుతాయి. చేతికి ఆట తెలియకుండా, అలా అని బిగుసుకోకుండా ఉండే మందం ఎంచుకోవాలి.

అన్నీ అయ్యాక యోక్ చెవుల మీద ప్లాస్టిక్ సుత్తితో చిన్న దెబ్బలు వేస్తే కప్పులు బయటికి క్లిప్‌లకు ఆనుకుంటాయి. ఇప్పుడు జాయింట్‌ని రెండు దిక్కుల్లోనూ చేత్తో వంచి చూడండి. కొత్తది కాబట్టి కొంచెం గట్టిగా ఉంటుంది, కానీ ఎక్కడా పట్టేసినట్టు ఆగకూడదు. ఆగితే ఇంకా పని ఉంది, బండికి ఎక్కించొద్దు. నాలుగు సీళ్ల నుంచీ గ్రీజు బయటికి తొంగిచూసే దాకా గన్ కొట్టండి. ముగ్గురికి అన్నం పెట్టి నాలుగోవాడిని మరిచిపోయినట్టు కాకూడదు.

గుర్తులు కలుపుకుని షాఫ్ట్ ఎక్కించండి. ఫ్లాంజ్ బోల్టులు అసలు రకానివే వాడాలి. తలపై 10.9 (బోల్టు బలాన్ని చెప్పే అంకె) అని ఉన్న బోల్టు స్థానంలో దొరికిన మామూలు బోల్టు వేస్తే అది తెగి, షాఫ్ట్ నేలకి కొట్టుకుంటుంది. లాక్‌నట్‌లు ప్రతిసారీ కొత్తవి. బిగింపు మాన్యువల్లో చెప్పిన టార్క్‌కే (తిప్పే బలానికే).

దూరంలో ఉండగా వెనక షాఫ్ట్ క్రాస్ పోతే ఏం చేయాలని కొందరు అడుగుతుంటారు. రెండు చివరలా ఫ్లాంజ్‌తో ఉన్న షాఫ్ట్ అయితే దాన్ని పూర్తిగా తీసి బండిలో వేసుకుని, హబ్‌లు లాక్ చేసి, ఫోర్‌వీల్ హైలో ముందు చక్రాల మీద నెమ్మదిగా ఇంటికి రావచ్చు. వెనక షాఫ్ట్ లేదు కాబట్టి తారు రోడ్డైనా బిగుసుకుపోవడం ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి దూరే రకం షాఫ్ట్ అయితే రంధ్రం మూయకుండా కదలొద్దు, ఆయిల్ మొత్తం పోతుంది. ముందు షాఫ్ట్ పోతే ఇంకా సులువు. తీసేసి టూవీల్‌లో నడపండి.

మొదటి 100 కిలోమీటర్ల తర్వాత బోల్టుల బిగింపు మళ్లీ చూడండి. నీళ్లలో దిగి వచ్చిన ప్రతిసారీ గ్రీజు కొట్టండి. 5వ పాఠానికి ముందు ఒక డిజిటల్ కోణమాని సంపాదించుకుని, ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజ్, షాఫ్ట్ గొట్టం, డిఫరెన్షియల్ ఫ్లాంజ్ ఒక్కొక్కటీ నేలకి ఎన్ని డిగ్రీల వంపులో ఉన్నాయో, బండి తన బరువు మీదే నిలబడి ఉండగా, రాసి ఉంచుకోండి. ఆ మూడు అంకెలతోనే పాఠం మొదలవుతుంది.