క్లాసులో మీకొక పేరు పెట్టేశారా? ఒక నోటుబుక్కు తీసుకోండి

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. లెక్కలయ్యాక కూడా సంచి సర్దుకోకుండా ఎవరైనా కూర్చున్నారంటే ఏదో మాట గుచ్చుకుందని అర్థం. ఒకరిని ‘తెలెంగా’ (ఒడియాలో తెలుగువాళ్ళను అనే మాట) అన్నారు, ఒకరిని ‘మొద్దు’ అన్నారు, ఒకమ్మాయిని పుస్తకాల పురుగని ఆటలోకి రానివ్వలేదు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక పాత నోటుబుక్కు తీసుకుని, మిమ్మల్ని ఏమని పిలుస్తున్నారో ఉన్నదున్నట్టు రాయండి. ఎవరు, ఎప్పుడు, మీరేం చేస్తుండగా అన్నారో పక్కనే రాయండి. మెచ్చుకున్న మాటలు కూడా రాయాలి, అవీ ముద్రలే. నా దగ్గరికొచ్చే ఒక పిల్లను అందరూ నెమ్మదస్తురాలంటారు. ఆ పేరు ఎక్కడ పోతుందోనని మూడు నెలలు ఒక్క డౌటూ అడగలేదు, భిన్నాల దగ్గరే ఆగిపోయింది.

తర్వాత పేజీలో మూడు గడులు గీయండి: బడి, ఇల్లు, చుట్టాలిల్లు. వారం పాటు ఏ గడిలో ఏం చేశారో రాయండి. ‘సిగ్గుపడ్డాను’ అని రాస్తే పనికిరాదు. ‘తమ్ముడి సైకిల్ చైను ఎక్కించాను’ అని రాయండి.

నా సంగతి చెబుతాను. బడిలో నేను తెలెంగాను. రాష్ట్రం దాటి పాతపట్నంలో మేనత్త ఇంటికి వెళితే అక్కడి పిల్లలకు ‘ఒడియా గుంట’ని. ఏడో తరగతిలో ఒకరోజు నేను మర్చిపోయిన క్యారేజీ పట్టుకుని అమ్మ గేటు దగ్గరికి వచ్చింది. ‘అమ్మలూ, పప్పుచారు ఒలికిపోద్ది, నిలువుగా పట్టుకో’ అంది. స్నేహితురాళ్ళు వింటున్నారని నేను ఒడియాలో జవాబిచ్చాను. అమ్మకు ఒడియా అంతంతమాత్రమే వచ్చు. ఒక్క క్షణం నా ముఖం చూసి, కొంగుతో క్యారేజీ అడుగు తుడిచి, నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం నాకు ముద్ద దిగలేదు.

ముద్రకు తలొగ్గినా, దాన్ని కాదనడానికే రోజంతా గడిపినా, మీరేం చెయ్యాలో అదే నిర్ణయిస్తుంది. అందుకే మూడు గడుల్లోనూ కనపడే పని ఏదో వెతకమంటున్నాను. నాకు దొరికింది ఇది: ఆస్పత్రిలో డాక్టరు ఒడియాలో చెప్పింది నానమ్మకు తెలుగులో చెప్పేదాన్ని, పాతపట్నంలో చిన్నపిల్లలకు ఎక్కాలు నేర్పేదాన్ని, క్లాసులో పక్కమ్మాయికి బీజగణితం విడమరిచేదాన్ని. ఆ పనికి ఎవరూ పేరు పెట్టలేదు. మీకు ఒక వారంలో దొరక్కపోతే ఇంకో వారం రాయండి. పదమూడేళ్ళకు దొరికింది పదహారుకు మారినా కంగారు పడొద్దు.

‘మీది ఈ ఊరు కాదుగా’ అనే మాట నేను ఏప్రిల్ 1న, ఉత్కళ దివస్ నాడు విన్నాను. అప్పుడు నాకు జవాబు తెలియదు. మీరు తెలుసుకోండి. 1936లో ఒడిశా ఏర్పడకముందు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. మన ఇళ్ళు అప్పటికే ఇక్కడున్నాయి, సరిహద్దు గీత తర్వాత వచ్చింది. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళో పాఠాలు చెబుతూనే, ఇక్కడి కొండల్లో ఉండే గిరిజనులైన సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. తెలుగు మాస్టారు సవరల దగ్గర మాటలు నేర్చుకున్న ఊరు ఇది. కోపం లేకుండా, ఒడియాలోనే, రెండు ముక్కల్లో చెప్పండి చాలు.

ఆ సవర పిల్లల్నే, గుమ్మా వైపు నుంచి హాస్టల్‌కి వచ్చినవాళ్ళని, నేను ‘కొండోళ్ళు’ అన్నాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నోటుబుక్కు చివరి పేజీ మీరు ఇతరులకు వేసిన ముద్రల కోసం వదలండి. అన్నిటికంటే కష్టమైన పేజీ అదే, అయినా రాయండి. రాశాక వాళ్ళ పేర్లు అడిగి, వాళ్ళు పలికినట్టే పలకడం నేర్చుకోండి.

కొట్టడం, కులం పేరుతో తిట్టడం, ఫోన్లో ఫొటోలు తిప్పడం దాకా వస్తే నోటుబుక్కుతో ఆగొద్దు. ఆ రోజే ఇంట్లో చెప్పండి, నమ్మకమున్న టీచరుకు చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయొచ్చు, డబ్బులు పడవు.

ఇంకొక్కటి, మీ అసలు పేరు సంగతి. నా పేరు ‘వ’తో మొదలవుతుంది. బడి రిజిస్టర్లో అది ‘బ’ అయింది. ఒడియాలోనూ ‘వ’ శబ్దానికి విడిగా అక్షరం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీ పేరు రిజిస్టర్లో ఎలా ఉందో ఈ వారమే చూడండి. తప్పుంటే బోర్డు పరీక్షల ఫారం నింపకముందే హెడ్‌మాస్టరుకు దరఖాస్తు రాసి, పుట్టిన తేదీ సర్టిఫికెట్ జత చేయండి. పదో తరగతి సర్టిఫికెట్ మీదకి ఎక్కాక మార్పించుకోవాలంటే చాలా తిరగాలి. నాది ఇప్పటికీ ‘బ’గానే ఉంది.