మొదటి డైవ్ ట్రిప్‌కి టికెట్ కంటే ముందు మొహమాటం సంగతి చూసుకోండి

స్కూబా డైవింగ్ మొదటి కోర్సు పూర్తయి ఓపెన్ వాటర్ కార్డు వచ్చిన వారంలో అందరం చేసే పని ఒకటే, ఫోన్‌లో విమానం టికెట్ల రేట్లు చూడటం. తప్పేం లేదు, నేనూ అదే చేశాను. కానీ ఆ కార్డు మీకిచ్చే అనుమతి చాలా చిన్నది. 18 మీటర్ల లోతు దాటకుండా, పక్కన బడ్డీ (తోడుగా దిగే డైవర్) ఉండగా, మీరు నేర్చుకున్నప్పటి లాంటి పరిస్థితుల్లో డైవ్ చేయొచ్చు, అంతే. కోర్సులో సముద్రంలో చేసినవి మహా అయితే నాలుగు డైవ్‌లు, అవీ ఇన్‌స్ట్రక్టర్ కళ్ల ముందే. డ్రైవింగ్ లైసెన్స్ వచ్చిన మర్నాడే ఎవరైనా కారేసుకుని అరకు ఘాట్ రోడ్డు ఎక్కుతారా? ఇదీ అలాంటిదే.

హైదరాబాద్, వైజాగ్ నుంచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది మనసు అండమాన్ మీదే ఉంటుంది కాబట్టి ప్రధానంగా హేవ్‌లాక్ గురించే చెప్తాను. 2018 డిసెంబర్ నుంచి దాని అధికారిక పేరు స్వరాజ్ ద్వీప్, 2024లో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది, కానీ డైవర్ల నోట్లో ఇంకా పాత పేర్లే. మాల్దీవుల్లో కరెంట్ (నీటి ప్రవాహం) గట్టిగా ఉండే ఛానల్ డైవ్‌లు, బాలి దగ్గర నుసా పెనిడా లాంటివి మొదటి ట్రిప్‌కి వద్దు, ఫొటోలు ఎంత ఊరించినా సరే. అదే బాలిలో తులంబెన్ దగ్గర మునిగి ఉన్న లిబర్టీ ఓడ మాత్రం కొత్తవాళ్లకి బాగుంటుంది. ఒడ్డు నుంచి నడుచుకుంటూ నీళ్లలోకి దిగొచ్చు, ఓడ పైభాగం ఐదారు మీటర్ల లోతులోనే మొదలవుతుంది. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి కూడా మంచి ఆలోచనే. డైవ్ అయ్యాక కొన్ని గంటలు విమానం ఎక్కకూడదన్న గొడవ లేదు గానీ, డైవ్ అయిన సాయంత్రమే కారెక్కి పశ్చిమ కనుమల ఘాట్ రోడ్డు పట్టకండి. ఎత్తుకి వెళ్లడం కూడా కొంతవరకు విమానం ఎక్కడం లాంటిదే, ఆ రాత్రి అక్కడే పడుకుని పొద్దున బయల్దేరండి.

హేవ్‌లాక్‌కి డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. మే చివరికి అక్కడ వానలు మొదలైపోతాయి, సముద్రం రేగుతుంది, ఫెర్రీలు రద్దవుతాయి. వేసవి సెలవులు కదా అని మే ఆఖరి వారానికి టికెట్లు తీసిన స్నేహితులు నాకున్నారు, వాళ్లు నాలుగు రోజులూ రిసార్ట్‌లో పేకాడుకుని వచ్చారు.

ఇప్పుడు అసలు విషయం. నా మొదటి ట్రిప్ నాటికి, పుదుచ్చేరిలో కోర్సు చేసి ఎనిమిది నెలలైంది. డైవ్ షాప్‌లో ఇచ్చిన ఫారంలో "చివరి డైవ్ ఎప్పుడు?" అని ఉంటే "మూడు నెలల కిందట" అని రాసేశాను. నిజం రాస్తే రిఫ్రెషర్ (నేర్చుకున్నవి మళ్లీ చేయించే చిన్న క్లాసు) చేయమంటారు, డబ్బు పోతుంది, పడవలో పదిమంది ముందు పరువూ పోతుందని నా లెక్క. మొదటి డైవ్‌లో ఆరేడు మీటర్ల దగ్గర ఒళ్లు కొంచెం పైకి తేలుతున్నట్టు అనిపించింది. బీసీడీలో (గాలి నింపితే తేల్చే, వదిలితే ముంచే జాకెట్) గాలి వదులుదామని ఎడమ చేత్తో దాని బటన్లుండే ఇన్‌ఫ్లేటర్ పట్టుకుని, వదిలే బటన్ బదులు నింపే బటన్ నొక్కాను. పైకి పోతున్నకొద్దీ కంగారు, కంగారులో అదే బటన్ ఇంకా గట్టిగా నొక్కడం. గైడ్ నా ఫిన్ పట్టుకుని కిందికి లాగి, రెండో చేత్తో నా నడుం వెనకున్న, గాలి వదిలే డంప్ వాల్వ్ తాడు లాగాడు. మొత్తం మూడు నాలుగు సెకన్లు. పడవెక్కాక తిట్టలేదు, పక్కన కూర్చుని "నిజం చెప్పు భాయ్, ఎన్నాళ్లైంది?" అని హిందీలో అడిగాడు. ఆ ప్రశ్నకి తలెత్తి జవాబు చెప్పలేకపోయాను.

కాబట్టి ఆరు నెలలు దాటితే రిఫ్రెషర్ చేసి తీరాలి. నాలుగు డైవ్‌ల అనుభవమే ఉన్నవాళ్లు మూడు నాలుగు నెలల గ్యాప్‌కి చేసినా నష్టం లేదు. పూట పని అది. లోతు తక్కువ నీళ్లలో మాస్క్‌లో నీళ్లు తీయడం, నోట్లోంచి జారిన రెగ్యులేటర్ (ఊపిరి పీల్చే గొట్టం) వెతికి పెట్టుకోవడం, కదలకుండా తేలుతూ నిలబడటం మళ్లీ చేయిస్తారు. ఇన్‌ఫ్లేటర్‌లో ఏ బటన్ ఏదో కళ్లు మూసుకుని వేలితో తడిమి చెప్పగలిగేదాకా ఒడ్డు మీదే ఆడుకోండి. నా మాట వినండి.

షాప్‌ని ఎంచుకోవడం కూడా ఇంటి నుంచే మొదలుపెట్టండి, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి. ఒక గైడ్‌కి ఎంతమందిని ఇస్తారు (నలుగురైతే సరే, కొత్తవాళ్లని ఆరేడుగురిని ఒకరికి కట్టబెడితే ఆలోచించండి), పడవలో ఆక్సిజన్ కిట్ ఉంటుందా, మొదటి రోజు ఎక్కడ దింపుతారు, అనుభవం ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ విడదీస్తారా అని అడగండి. జవాబుల కంటే వాళ్లు ఎదురు ఏం అడుగుతున్నారో చూడండి. ఎన్ని డైవ్‌లు చేశారు, చివరిది ఎప్పుడు అని అడగకుండా రేటు, అడ్వాన్స్ నంబరు పంపే షాప్ ఎంత చవకైనా నేను వెళ్లను.

హేవ్‌లాక్‌లో డైవ్ స్పాట్ల విషయానికొస్తే, మొదటి రోజు నీమో రీఫ్‌లో ఒడ్డు నుంచే దిగేయొచ్చు. ఆ తర్వాత లైట్‌హౌస్, అక్వేరియం లాంటి చోట్లు. పడవలో పక్కవాళ్లు డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ అని ఊదరగొడతారు. గొప్ప చోట్లే, కానీ చూడాల్సిందంతా దాదాపు 18 మీటర్ల నుంచి కిందికే ఉంటుంది, కరెంట్ కూడా తగలొచ్చు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు వాళ్ల వెంట పడక్కర్లేదు. అడ్వాన్స్‌డ్ కోర్సు చేశాక 30 మీటర్ల దాకా వెళ్లొచ్చు, ఆ పినకిల్ అప్పటికీ అక్కడే ఉంటుంది.

కొత్తవాళ్లకి ఇంకో సిగ్గు, గాలి తొందరగా అయిపోతుందని. టాంక్‌లో 200 బార్ల (గాలి ఒత్తిడి కొలత) గాలితో దిగి అరగంటకే 50కి వచ్చేస్తారు, పక్కవాడేమో ఇంకా 110 దగ్గర హాయిగా ఉంటాడు. నా వల్ల అందరి డైవ్ పాడవుతోందని గేజ్ చూపించకుండా నెట్టుకొచ్చేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. 100 బార్లకి గైడ్‌కి సైగ చేయండి, 50 బార్లు మిగిలి ఉండగా పైకి రావాలి, పైకి వస్తూ 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్ కూడా లెక్కలో వేసుకోండి. గాలి మింగేసే ముఖ్యమైన కారణాల్లో ఒకటి మునగడానికి కట్టుకునే బరువులు అవసరానికి మించి పెట్టుకోవడం. బరువెక్కువైతే మునుగుతారు, మునుగుతున్నామని బీసీడీలో గాలి నింపుతారు, తేలిపోతున్నామని వదులుతారు, ఈ తంతులోనే టాంక్ ఖాళీ. దిగే ముందు నీటి పైన ఒకసారి చూసుకోండి. బీసీడీ ఖాళీ చేసి, మామూలు ఊపిరి బిగబట్టి కదలకుండా ఉంటే నీళ్లు కంటి ఎత్తుకి రావాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. అలా కాకుండా రాయిలా దిగిపోతుంటే ఒక కిలో తీసేయండి. అల్యూమినియం టాంక్ డైవ్ చివరికి దాదాపు రెండు కిలోలు తేలికవుతుంది, ఆ రెండూ మనసులో పెట్టుకుని గైడ్‌తో కలిసి సర్దుకోండి.

సామాన్ల జాబితా కొండవీటి చాంతాడంత అక్కర్లేదు. కొనాల్సింది మాస్క్ ఒక్కటే, అదీ షాప్‌కి వెళ్లి పట్టీ పెట్టుకోకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి పీలిస్తే అతుక్కుని నిలబడేదే. కళ్లజోడు ఉన్నవాళ్లు పవర్ అద్దాలున్న మాస్క్ తీసుకుంటే డబ్బు దండగ కాదు, గేజ్ మీద అంకె కనపడకుండా డైవ్ చేయడం ఏం బాగుంటుంది చెప్పండి. కొత్త మాస్క్ అద్దానికి ఫ్యాక్టరీ పొర ఉంటుంది, లోపలి వైపు మామూలు తెల్ల టూత్‌పేస్ట్‌తో రెండు మూడుసార్లు రుద్ది కడగండి, లేకపోతే దిగిన నిమిషానికే మంచు పట్టేస్తుంది. పడవలో బేబీ షాంపూ చుక్క చాలు. డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూపించే, చేతికి కట్టుకునే పరికరం) అద్దెకి తీసుకోండి, గైడ్ చేతికి ఉందిగా అనుకోకండి, అది ఆయన లోతు చెప్తుంది, మీది కాదు. మాస్క్, టార్చి బ్యాటరీలు, సర్టిఫికేషన్ కార్డు హ్యాండ్ బ్యాగ్‌లో పెట్టుకోండి. ఈ-కార్డు అయితే స్క్రీన్‌షాట్ తీసుకోండి, అక్కడ నెట్ మీద భరోసా పెట్టుకోవద్దు. కొంత నగదు కూడా ఉండాలి.

మెడికల్ ఫారం విషయంలో చాలామంది దెబ్బతింటారు. ఆస్తమా, బీపీ మందులు, సైనస్ ఆపరేషన్ లాంటివి ఉంటే ఫారంలో "అవును" అని రాయాల్సి వస్తుంది, అప్పుడు డాక్టర్ సంతకం లేకుండా దింపరు. హేవ్‌లాక్ చేరాక డాక్టర్ కోసం పరుగెత్తేకంటే ఆ ఫారం ముందే తెప్పించుకుని మీ ఊళ్లోనే సంతకం చేయించుకోండి. అబద్ధం రాయాలనిపిస్తే పైన నా ఇన్‌ఫ్లేటర్ కథ ఇంకోసారి చదవండి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో చాలాసార్లు స్కూబా ఉండదు, ఉన్నా లోతు పరిమితి ఉంటుంది. డ్యాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్) లాంటి సంస్థల డైవర్ల ఇన్సూరెన్స్ తీసుకోండి. జలుబు చేస్తే ఆ రోజు డైవ్ లేదు. ముక్కు తెరిచే మందు వేసుకుని దిగితే, అడుగున ఉండగా దాని పని అయిపోయిందంటే పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి బయటికి రాదు, ఆ నొప్పి ఎవరికీ వద్దు. పడవలో వాంతులు అయ్యేవాళ్లు ముందుగా డాక్టర్‌ని అడిగి, మాత్రని ఇంటి దగ్గరే ఒకరోజు వేసుకుని చూడండి, కొన్నింటికి తెగ నిద్ర వస్తుంది. పొద్దున రెండు ఇడ్లీలు చాలు, పూరీలు తిరిగొచ్చాక తినొచ్చు. రాత్రి మందు పార్టీ మాత్రం చివరి డైవ్ అయ్యేదాకా వాయిదా. అక్కడ ఐదింటికల్లా తెల్లారుతుంది, పడవలు కూడా పెందలాడే వెళ్లిపోతాయి.

నీళ్లలో దేన్నీ ముట్టుకోకండి. స్టోన్‌ఫిష్ రాయిలాగే ఉంటుంది, పగడమేమో ప్రాణం ఉన్నది. టైటాన్ ట్రిగ్గర్‌ఫిష్ గూడు దగ్గర మీ మీదికి వస్తే పైకి ఈదకండి, దాని హద్దు గూడు నుంచి పైకి గరాటులా విప్పారి ఉంటుంది, పక్కకి వెళ్లిపోవాలి. చచ్చిన పగడం ముక్కే కదా అని బ్యాగ్‌లో వేసుకున్నా ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు.

రోజుల లెక్క వెనక నుంచి వేయండి. ఒకే ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, రోజూ రెండేసి చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదని డ్యాన్ చెప్పే లెక్క. నేను ఎప్పుడూ 24 పెట్టుకుంటాను. అంటే ఆరు రోజుల ట్రిప్ ఇలా ఉంటుంది. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో దిగి మధ్యాహ్నం ఫెర్రీలో హేవ్‌లాక్, రెండో రోజు రిఫ్రెషర్, ఒడ్డు నుంచి ఒక డైవ్, మూడో రోజు, నాలుగో రోజు పడవ డైవ్‌లు. ఐదో రోజు పొద్దున రాధానగర్ బీచ్, ఆ తర్వాత ఫెర్రీలో తిరిగి పోర్ట్ బ్లెయిర్, సాయంత్రం సెల్యులార్ జైలు. ఆరో రోజు విమానం. ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటే, ఫెర్రీ ఏదైనా రద్దయినా టెన్షన్ ఉండదు.

ప్రతి డైవ్ తర్వాత పడవ దిగకముందే లాగ్‌బుక్ రాసేయండి. ఏ చేప చూశారో రాయకపోయినా పర్లేదు గానీ, ఎన్ని కిలోలు కట్టుకున్నారు, ఏ టాంక్, వెట్‌సూట్ మందం ఎంత, ఎంత గాలితో పైకి వచ్చారు అన్నవి మాత్రం రాయండి, తర్వాతి ట్రిప్‌లో షాప్ వాళ్లు మొదట అడిగేవి అవే. నా లాగ్‌బుక్‌లో హేవ్‌లాక్ మొదటి పేజీలో బరువు 8 కిలోలు, 24 నిమిషాలు అని ఉంటుంది. నాలుగో రోజు పేజీలో 5 కిలోలు, 41 నిమిషాలు.